పెన్షన్ విషయంలో ఫ్రీ మాట ఎంతవరకు? ఫీజు కట్టే సలహా ఎప్పుడు?

ఈ ఎపిసోడ్ కాస్త పొడుగే ఉంటుంది. డేటా తక్కువ ఉన్నవాళ్లు డౌన్‌లోడ్ పెట్టుకుని తర్వాత చూడండి. మా అరకు వైపు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, సిగ్నల్ దొరికే గట్టు ఎక్కడుందో మనకు తెలుసు.

పోయిన ఎపిసోడ్ కింద మీరు పెట్టిన మెసేజ్‌లలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇది. "నాన్న రిటైర్ అవుతున్నారు. ఒకాయన ఫ్రీగా సలహా ఇస్తానంటున్నాడు, ఇంకొకాయన ఫీజు అడుగుతున్నాడు. ఎవరి మాట వినాలి?" ఇంకో రకం ప్రశ్న కూడా వస్తోంది. "కంపెనీ మానేశాను. నెట్ సెంటర్ అన్న పీఎఫ్ మొత్తం తీయించి పెడతానంటున్నాడు, మూడు వేలు ఇవ్వమంటున్నాడు. ఇవ్వనా?" ఈ రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి గానీ లోపల ఉన్నది ఒకటే ప్రశ్న. చెప్పే మనిషికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఈరోజు మాట్లాడుకునేది దాని గురించే.

ముందే ఒక మాట. నేను రిజిస్టర్డ్ సలహాదారుని కాదు. నేను చెప్పేది సమాచారం, అంటే దారి చూపించడం. మీ ఇంట్లో ఏం చేయాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. ఆ తేడా ఎందుకో వింటూ పోతే మీకే అర్థమవుతుంది.

దారి చూపడం వేరు, నిర్ణయం చెప్పడం వేరు

సంతకి కొత్తగా వచ్చినవాడు "పసుపు కొట్లు ఎక్కడున్నాయి" అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. దానికి డబ్బులు తీసుకోరు. కానీ "నా దగ్గర ఇంతే ఉంది, ఇంట్లో ఇంతమంది ఉన్నాం, ఏ కొట్లో ఏది ఎంత కొనాలి" అని అడిగితే, చెప్పేవాడు మన సంగతి అంతా విని, లెక్క వేసి, తన మాటకు బాధ్యత పడాలి. మొదటిది గైడెన్స్, రెండోది అడ్వైజ్. ఇక మూడో మనిషి ఉంటాడు. "రా తమ్ముడూ, నేను చూపిస్తా" అని చెయ్యి పట్టుకుని నేరుగా తన బావమరిది కొట్టుకే తీసుకెళ్తాడు. మన దగ్గర రూపాయి తీసుకోడు. కొట్టువాడు ఇస్తాడు. మనం దాన్ని ఫ్రీ సలహా అనుకుంటాం, నిజానికి అది అమ్మకం.

పెన్షన్ విషయంలో దెబ్బ తగిలేది ఎక్కువగా ఈ మూడో మనిషి దగ్గరే. అందుకని ఫ్రీయా, ఫీజా అన్న దగ్గర ఆగిపోకండి. ఈ ముగ్గురిలో మీ ముందు కూర్చున్నది ఎవరో ముందు తేల్చుకోండి.

మొదటి కేసు: తొమ్మిదేళ్ల పీఎఫ్

మన అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి పిల్లలు ఎంతమంది విశాఖ, అచ్యుతాపురం, హైదరాబాద్, చెన్నై వెళ్లి పని చేస్తున్నారో మీకు తెలుసు. నాలుగేళ్లో ఐదేళ్లో చేసి, కాఫీ తోట చూసుకుందామనో, అమ్మకి బాగోలేదనో వెనక్కి వస్తారు. రాగానే మొదటి ఆలోచన, పీఎఫ్ తీసేద్దాం.

మా పక్క ఊరి తమ్ముడొకడు అలాగే వచ్చాడు. పేరు చెప్పను. మొదటి కంపెనీలో 3 ఏళ్ల 10 నెలలు, రెండో కంపెనీలో 5 ఏళ్ల 3 నెలలు చేశాడు. నెట్ సెంటర్‌లో రెండోది మాత్రమే చూసి, "నీకు ఐదేళ్లే, పెన్షన్ రాదు, మొత్తం తీసేద్దాం, మూడు వేలివ్వు" అన్నారు. వాడు నా దగ్గరికి వస్తే ఇద్దరం కూర్చుని పాస్‌బుక్ తెరిచాం. యూఏఎన్ ఒకటే, దాని కింద మెంబర్ ఐడీలు రెండు. కలిపితే సర్వీసు 9 ఏళ్ల 1 నెల.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, వినండి. మీ జీతంలోంచి 12 శాతం పీఎఫ్‌కి పోతుంది. కంపెనీ కూడా 12 శాతం వేస్తుంది. కంపెనీ వేసే దాంట్లోంచి 8.33 శాతం పెన్షన్ ఖాతాకి పోతుంది. దాన్నే ఈపీఎస్ అంటారు, 1995 నవంబర్ 16 నుంచి ఉంది. 2014 సెప్టెంబర్ నుంచి దీనికి జీతం పరిమితి 15,000. అంటే నెలకు గరిష్ఠంగా 1,250 రూపాయలు పెన్షన్ ఖాతాలో పడతాయి. సర్వీసు పదేళ్లు నిండితే 58వ ఏట నుంచి నెల నెలా పెన్షన్ హక్కు వస్తుంది. లెక్క ఏటంటే, పెన్షన్‌కి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడమే. 15,000 జీతం, 10 ఏళ్లు అయితే నెలకు 2,143 రూపాయలు. ఆయన తర్వాత భార్యకు అందులో సగం.

ఇంకో చిన్న నిబంధన ఉంది. ఆరు నెలలు, ఆపైన చేసిన సర్వీసును ఏడాదిగా లెక్కిస్తారు. అంటే 9 ఏళ్ల 6 నెలలు ఉంటే పదేళ్ల కిందే లెక్క. మన తమ్ముడికి కావాల్సింది ఇంకో ఐదు నెలలు. 58 ఏళ్లు వచ్చేలోగా పీఎఫ్ ఉన్న ఏ ఉద్యోగంలోనైనా ఐదు నెలలు చేస్తే చాలు. ఈలోగా పెన్షన్ డబ్బు తీసేయకుండా స్కీమ్ సర్టిఫికెట్ అనే కాగితం తీసుకుంటే పాత సర్వీసు అలాగే నిలబడుతుంది. తీసేస్తే ఆ తొమ్మిదేళ్లు సున్నా అయిపోతాయి, మళ్లీ మొదటి నుంచి లెక్క.

ఇది తెలుసుకోడానికి మాకు ఖర్చయింది ఏమీ లేదు. ఈపీఎఫ్‌వో హెల్ప్‌లైన్ 14470 టోల్ ఫ్రీ. పాస్‌బుక్ ఉమంగ్ యాప్‌లో చూడొచ్చు. ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్‌కే నికట్' అని శిబిరం పెడతారు, అక్కడ ముఖాముఖి అడగొచ్చు. సర్వీసు ఎంతుంది, ఏ ఫారం, ఎప్పుడు అర్హత, ఇవన్నీ రూల్ ప్రశ్నలు. రూల్ ప్రశ్నకు డబ్బిచ్చి జవాబు కొనక్కర్లేదు. రూల్ అందరికీ ఒకటే కదా.

మరి ఫ్రీ మాట ఎక్కడ ఆగిపోతుంది? ఇక్కడ. తీసేస్తే వాడి చేతికి వచ్చేది సుమారు లక్షన్నర. వాడి వయసు ఇప్పుడు 30. పెన్షన్ కావాలంటే 28 ఏళ్లు ఆగాలి. ఒకవైపు చూస్తే, 58 తర్వాత నెలకు 2,143 చొప్పున ఆరేళ్ల లోపే లక్షన్నర వెనక్కి వచ్చేస్తుంది. ఇంకోవైపు, ఆ లక్షన్నరని ఎక్కడో 8 శాతం వడ్డీకి వేసి 28 ఏళ్లు ముట్టుకోకుండా ఉంటే దాదాపు 13 లక్షలవుతుంది. "ముట్టుకోకుండా ఉంటే" అన్నాను, గమనించండి. ఆ డబ్బు బండికి, పెళ్లికి, ఆస్పత్రికి పోకుండా ఉంటుందా? వాడి మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారు? అప్పులేమైనా ఉన్నాయా? హెల్ప్‌లైన్‌లో కూర్చున్న ఆమె ఇవేవీ అడగదు. "మీరు తీసుకోవచ్చు, ఉంచుకోవచ్చు, రెండూ మీ ఇష్టం సార్" అంటుంది. తప్పు ఆమెది కాదు. ఆమె పని అంతవరకే.

అయితే లక్షన్నర నిర్ణయానికి ఐదు పది వేలు పెట్టి సలహా కొనడం కూడా దండగే. ఇలాంటప్పుడు రూల్ మొత్తం ఫ్రీగా తెలుసుకుని, లెక్క కాగితం మీద వేసుకుని, ఇంట్లో కూర్చుని తేల్చుకోవడమే సరి. వాడు అదే చేశాడు, స్కీమ్ సర్టిఫికెట్‌కి పెట్టుకున్నాడు. నెట్ సెంటర్‌కి మూడు వేలు ఇచ్చి ఉంటే ఫారం నింపే కూలీ కింద, వాడి తొమ్మిదేళ్లు చెరిపేసే పని జరిగిపోయేది. ఇప్పుడు చెప్పండి, అక్కడ డబ్బు తీసుకుని ఇచ్చింది సలహానా? కాదు. పైగా క్లెయిమ్ పెడితేనే ఆ సెంటర్‌కి డబ్బు. "పెట్టకు" అని చెబితే వాళ్లకు రూపాయి రాదు.

ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 13న ఈపీఎఫ్‌వో బోర్డు, ఉద్యోగం మానేశాక పెన్షన్ డబ్బు తీసుకోడానికి ఆగాల్సిన గడువును 2 నెలల నుంచి 36 నెలలకు పెంచాలని నిర్ణయించింది. అందుకని పాత వీడియో చూసి ఫారం పెట్టకండి. నా వీడియో అయినా సరే, తేదీ చూడండి.

రెండో కేసు: ఆశ్రమ పాఠశాల మాస్టారు

ఇప్పుడు పెద్ద డబ్బు దగ్గరికి వద్దాం. మా మావయ్య ఆశ్రమ పాఠశాలలో టీచరు. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లంతా సీపీఎస్ కింద ఉన్నారు కదా, ఆయనా అంతే. సీపీఎస్ రద్దు, జీపీఎస్, ఆ రాజకీయం ఈ ఎపిసోడ్‌లో ముట్టుకోను. ఈరోజు చేతిలో ఉన్న డబ్బుతో ఏం చేయాలన్నదే మన విషయం.

పాత పెన్షన్‌లో ఉద్యోగి తేల్చుకోవాల్సింది పెద్దగా ఉండేది కాదు. ట్రెజరీ లెక్క కట్టేది, పెన్షన్ వచ్చేది. సీపీఎస్‌లో అలా కాదు. ఇరవై ఏళ్లు క్లాసురూంలో ఎక్కాలు చెప్పిన మనిషిని రిటైర్మెంట్ రోజున పిలిచి, "ఇదిగో మీ మూట, ఎలా పంచుకుంటారో చెప్పండి" అంటారు. ప్రభుత్వ ఉద్యోగికి 60 శాతం దాకా ఒకేసారి చేతికి వస్తుంది, దానికి పన్ను లేదు. కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. యాన్యుటీ అంటే బీమా కంపెనీకి ఒకేసారి డబ్బు కట్టేస్తే, వాళ్లు జీవితాంతం నెల నెలా ఇచ్చేది. ప్రైవేటు వాళ్లకు 2025 డిసెంబరులో నిబంధన మారి ఈ కనీస వాటా 20 శాతం అయింది. ప్రభుత్వ ఉద్యోగులకు 40 అలాగే ఉంది. ఈ రెండూ కలిపేసి ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లు వాట్సాప్‌లో చాలా తిరుగుతున్నాయి, చూసుకోండి.

లెక్క తేలిగ్గా ఉండడానికి మూట 30 లక్షలు అనుకుందాం. 18 లక్షలు చేతికి, 12 లక్షలు యాన్యుటీకి. యాన్యుటీ రేటు ఉదాహరణకి ఆరున్నర శాతం అనుకుంటే ఏడాదికి 78,000, అంటే నెలకు 6,500. దీనికి డీఏ లేదు. ఈరోజు 6,500 అంటే ఇరవై ఏళ్ల తర్వాతా 6,500 మాత్రమే. పైగా ఈ ఆదాయానికి పన్ను వర్తిస్తుంది.

మావయ్య ముందు రెండు నిర్ణయాలున్నాయి. ఒకటి, చేతికొచ్చే 18 లక్షలు ఎక్కడ పెట్టాలి. రెండు, యాన్యుటీలో ఏ రకం తీసుకోవాలి.

మొదటి దానికి తెలిసినాయన ఒకరు ఇంటికే వచ్చారు. టీ తాగుతూ, "మాస్టారూ, మీ దగ్గర నేను పైసా తీసుకోను, మనవాళ్లు కదా" అని ఒక బీమా పాలసీ కాగితం తీశారు. ఏటా లక్షా ఎనభై వేలు, పదేళ్లు కట్టాలట. 62 ఏళ్ల మనిషి చేత! పైసా తీసుకోనన్న మాట అబద్ధం కాదు. కానీ మొదటి ఏడాది ప్రీమియంలోంచి ఆయనకి కమిషన్ వస్తుంది. అందులో తప్పేమీ లేదు, అమ్మకం కూడా ఒక వృత్తే. దాన్ని సలహా అని పిలవడమే చిక్కు.

ఆయన వెళ్లాక మేం పోస్టాఫీసుకి వెళ్లాం. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ అని ఉంది, 60 దాటిన వాళ్లకి. గరిష్ఠంగా 30 లక్షలు పెట్టొచ్చు, ఐదేళ్ల గడువు. వడ్డీని కేంద్రం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతమే ఉంటూ వచ్చింది. మీరు వేసిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. 18 లక్షలకి ఏడాదికి 1,47,600, అంటే మూడు నెలలకోసారి 36,900. కౌంటర్‌లో ఉన్నాయన ఇది ఐదు నిమిషాల్లో చెప్పారు, పూర్తిగా ఫ్రీ. మొత్తం అక్కడే పెట్టాలని నేననను. ఇలాంటిది ఒకటి ఉందని తెలిస్తే, టీ తాగుతూ తీసిన కాగితాన్ని పోల్చి చూడ్డానికి చేతిలో ఒక కొలబద్ద ఉంటుంది.

రెండో నిర్ణయం అసలు కష్టమైనది. యాన్యుటీలో ముఖ్యంగా నాలుగు రకాలు. ఆయన ఉన్నంతకాలం ఎక్కువ ఇచ్చి, ఆయనతో ఆగిపోయేది. ఆయన ఉన్నంతకాలం ఇచ్చి, తర్వాత కట్టిన 12 లక్షలు నామినీకి తిరిగిచ్చేది. ఆయన తర్వాత భార్యకు కూడా జీవితాంతం ఇచ్చేది. భార్య తర్వాత అసలు కూడా పిల్లలకు ఇచ్చేది. మొదటి దానికీ చివరి దానికీ నెలకు వెయ్యీ పదిహేనొందలు తేడా వస్తుంది. ఒకసారి కొన్నాక పాలసీ చేతికొచ్చిన 30 రోజుల ఫ్రీ లుక్ గడువు దాటితే మార్చడం ఉండదు.

హెల్ప్‌డెస్క్ ఈ నాలుగూ చక్కగా చెప్పింది. "మాకు ఏది మంచిది" అంటే చెప్పలేదు. చెప్పకూడదు కూడా. అప్పుడు మేం ఫీజు కట్టాం. సెబీ దగ్గర రిజిస్టర్ అయిన సలహాదారుతో ఒక్క సిట్టింగ్, వీడియో కాల్‌లో, ఎనిమిది వేలు. ఇక్కడ వీడియో కాల్ అంటే ఎంత కష్టమో తెలుసు కదా, మూడుసార్లు కట్ అయింది. ఆమె మొదటి అరగంట ఏమీ చెప్పలేదు, అడుగుతూనే ఉంది. అత్త వయసెంత? 51. ఆమెకు సొంత ఆదాయం ఉందా? కుట్టుమిషన్, అది కూడా పండగలప్పుడు. పిల్లల చదువు అయిపోయిందా? ఇల్లు ఎవరి పేరున ఉంది? మావయ్యకి బీపీ, షుగర్ ఉన్నాయా? ఆయన తర్వాత అత్త ఇంకో పాతికేళ్లు బతికితే ఆ పాతికేళ్లు దేనితో?

మావయ్య అప్పటిదాకా నెలకు ఎక్కువ వచ్చే మొదటి రకం మీదే మనసు పెట్టుకున్నాడు. అత్తని ఎవరూ అడగలేదు, ఆమె పక్క గదిలోంచి వింటోంది. ఆ ప్రశ్న వచ్చాక లోపలికి పిలిచాం. చివరికి భార్యకు కూడా కొనసాగే రకం తీసుకున్నారు. నెలకు వెయ్యి పైగా తగ్గింది. ఎనిమిది వేలకు మేం కొన్నది ఆ ప్రశ్న. నాలుగు రకాల జాబితా అయితే ఫ్రీగానే దొరికింది.

ఫీజు తీసుకున్నంత మాత్రాన మంచి సలహానా?

కాదు. దీనికి ఒక పెద్ద ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. అక్కడ గైడెన్స్, అడ్వైజ్ అన్న తేడా చట్టంలోనే ఉంటుంది. 2015 ఏప్రిల్‌లో పెన్షన్ వైజ్ అని ప్రభుత్వమే ఒక ఉచిత సేవ మొదలుపెట్టింది. 50 దాటినవాళ్లు అపాయింట్‌మెంట్ తీసుకుంటే దారులన్నీ వివరిస్తారు, ఫలానాది తీసుకో అనరు. అదే మనిషి, కంపెనీ గ్యారంటీ ఇచ్చిన పెన్షన్‌ని వదులుకుని 30,000 పౌండ్లకు పైబడిన మొత్తాన్ని బయటికి తీయాలంటే మాత్రం ఫీజు సలహా తప్పనిసరి.

పకడ్బందీగా ఉంది కదా? 2017లో టాటా స్టీల్ యూకే కార్మికుల బ్రిటిష్ స్టీల్ పెన్షన్ స్కీమ్‌ని మార్చేటప్పుడు, దాదాపు 8,000 మంది గ్యారంటీ పెన్షన్ వదులుకుని డబ్బు బయటికి తెచ్చుకున్నారు. ఫీజు తీసుకునే సలహాదారుల మాట మీదే. తర్వాత అక్కడి నియంత్రణ సంస్థ ఫైళ్లు తిరగేస్తే, పరిశీలించిన సలహాల్లో 46 శాతం ఆ మనుషులకు సరిపోనివని తేలింది. ఒక పెద్ద కారణం ఏటంటే, చాలామంది సలహాదారులకు కార్మికుడు డబ్బు బయటికి తెస్తేనే ఫీజు. "ఉంచుకో" అంటే రూపాయి రాదు. మన నెట్ సెంటర్ కథే, కాకపోతే పౌండ్లలో. 2020 అక్టోబరులో ఆ రకం ఫీజును చాలావరకు నిషేధించారు.

అందుకని ఫీజు ఉందా లేదా అన్నదొక్కటే చూస్తే సరిపోదు. "చేయొద్దు" అని చెప్పినా ఆయనకు అదే ఫీజు వస్తుందా? అలా వస్తేనే అది సలహా.

మన దగ్గర ఎలా తనిఖీ చేయాలి

ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లకు సెబీ 2013లో నిబంధనలు తెచ్చింది. రిజిస్టర్ అయిన వాళ్ల నంబరు ఐఎన్‌ఏ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి పేరు సరిచూసుకోవచ్చు. మీకు సలహా ఇచ్చి ఫీజు తీసుకున్నాక, మీ దగ్గరే కమిషన్ మీద ఫండ్లు అమ్మడానికి వీల్లేదు. ఫీజు నగదుగా తీసుకోకూడదు. లాభం గ్యారంటీ అనకూడదు. ముందు ఒప్పందం కాగితం ఉండాలి. 2025 అక్టోబర్ 1 నుంచి సెబీ ఇంకో ఏర్పాటు చేసింది. రిజిస్టర్ అయిన వాళ్ల యూపీఐ ఐడీలో 'వాలిడ్' అన్న మాట ఉంటుంది, డబ్బు పంపేటప్పుడు పచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. అనుమానం ఉంటే సెబీ టోల్ ఫ్రీ 1800 22 7575కి ఫోన్ చేయండి.

ఏఆర్ఎన్ నంబరు ఉన్నాయన మ్యూచువల్ ఫండ్ పంపిణీదారు, అంటే కమిషన్ మీద అమ్మేవారు. ఆయన ద్వారా కొంటే రెగ్యులర్ ప్లాన్, నేరుగా కొంటే డైరెక్ట్ ప్లాన్. డైరెక్ట్ 2013 జనవరి నుంచి ఉంది. రెండింటి మధ్య ఏడాదికి ఒక శాతం తేడా ఉందనుకుందాం. 18 లక్షల మీద అది ఏడాదికి 18,000, ప్రతి ఏడాదీ. మీ జేబులోంచి తీసి ఇవ్వరు కాబట్టి కనిపించదు. ఎనిమిది వేల ఫీజు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి నొప్పి పుడుతుంది. కనిపించే ఖర్చుకి భయపడి కనిపించని ఖర్చుకి సంతకం పెట్టేస్తాం.

ఇంకో జాగ్రత్త. యాన్యుటీ, బీమా పాలసీల మీద గొడవ వస్తే సెబీ చూడదు. దానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉంది, మన హైదరాబాద్‌లోనే. వాళ్ల ఫిర్యాదు నంబరు 155255, వెబ్‌సైట్ బీమా భరోసా.

పైసా ఖర్చు పెట్టకూడని పనులు

ఇవి రాసుకోండి. ఎన్టీఆర్ భరోసా పెన్షన్‌కి దరఖాస్తు సచివాలయంలో. వృద్ధాప్య పెన్షన్ 2024 జూలై 1 నుంచి నెలకు 4,000. అందరికీ 60 ఏళ్లు, గిరిజనులకు 50 ఏళ్లకే అర్హత. 50 దాటిన మన పెద్దవాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. "రాయిస్తాను, ఇంత ఇవ్వు" అన్నవాడికి ఇవ్వకండి.

లైఫ్ సర్టిఫికెట్, అంటే జీవన్ ప్రమాణ్. ఇప్పుడు ఫోన్ కెమెరాతో ముఖం చూపించి చేసేయొచ్చు. ఇది మీ పని, ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లల పని. యాప్ ప్లేస్టోర్ నుంచే దించండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నుంచి, ఏపీకే ఫైల్ నుంచి మాత్రం వద్దు. తాత గారి ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. గుర్తు పెట్టుకోండి, ఓటీపీ అడిగేవాడు ఆ ముగ్గురిలో ఎవడూ కాదు, నాలుగోవాడు. వాడు దొంగ.

ఇక మీ సొంతానికి. 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లకి అటల్ పెన్షన్ యోజన ఉంది, 2015 నుంచి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకి లేదు. 18 ఏళ్లకి చేరితే నెలకు 210 రూపాయలు, 60 నుంచి నెలకు 5,000 గ్యారంటీ. 40 ఏళ్లకి చేరితే అదే 5,000కి నెలకు 1,454 కట్టాలి. బ్యాంకులోనో బ్యాంక్ మిత్ర దగ్గరో చేరొచ్చు. కానీ వాళ్లు ఒకటి చెప్పరు, నేను చెప్తా. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, 42 ఏళ్ల తర్వాత ఆ 5,000కి ఈరోజు 430 రూపాయల విలువే ఉంటుంది. చేరొద్దని కాదు. దాంతోనే ముసలితనం గడిచిపోతుందని మాత్రం అనుకోవద్దు.

మరి ఎప్పుడు ఫీజు కట్టాలి?

నేను చూసుకునేవి ఇవి. నిర్ణయం వెనక్కి తీసుకోలేనిదా? మొత్తం పెద్దదా, అంటే ఫీజు దానిలో ఒక శాతం కూడా కాకుండా ఉంటుందా? జవాబు రూల్ పుస్తకంలో కాకుండా మీ ఇంటి పరిస్థితిలో ఉందా? మూడింటికీ అవునంటే ఫీజు కట్టండి, ఒక్క సిట్టింగ్‌కే, రిజిస్టర్ అయిన మనిషికే. ఒక్కదానికి కాదన్నా, ముందు ఫ్రీ దారి మొత్తం నడిచి చూడండి. మన కొండల్లో చాలా ఇళ్లకు ఆ ఫ్రీ దారే సరిపోతుంది.

ఫీజు కట్టాలనుకున్నా ముందు ఫ్రీ దారి నడిచే వెళ్లండి. పాస్‌బుక్, సర్వీసు లెక్క, యాన్యుటీ రకాల జాబితా చేతిలో పెట్టుకుని వెళ్తే, ఆ గంట అసలు ప్రశ్న మీద ఖర్చవుతుంది. లేకపోతే ఎనిమిది వేలు పోసి యూఏఎన్ అంటే ఏంటో నేర్చుకుని వస్తారు.

ఒక చిన్న పని చేయండి. ఈ వీడియో అయ్యాక అమ్మానాన్నల పక్కన కూర్చుని, పీఎఫ్ గానీ సీపీఎస్ గానీ ఉంటే నామినీ పేరు ఎవరిదుందో చూడండి. చాలామందివి పెళ్లికి ముందు ఇచ్చిన పేర్లే ఉంటాయి. అది ఎలా మార్చాలో స్క్రీన్ మీద చూపిస్తూ వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ప్రశ్నలుంటే పంపండి. పేరు, ఊరు, ఖాతా నంబరు మాత్రం రాయకండి. ఉంటాను మరి.